గాలికి ఎంత దారి కావాలి

1996 జూన్‌లో నన్ను నారాయణగూడలోని మా కంపెనీ వర్క్‌షాప్‌కి సర్వీస్ ఇంజనీరుగా వేశారు. నా పైన వర్క్స్ మేనేజర్ శర్మగారు, నా కింద హెడ్ మెకానిక్ మల్లేశ్, మరో పదిమంది మెకానిక్కులు. మాన్యువల్‌లో లేని పని ఏది చేయాలన్నా జాబ్ కార్డు మీద సర్వీస్ ఇంజనీరు సంతకం ఉండాలి. సంతకం పెట్టినవాడే దానికి జవాబుదారీ.

ఆగస్టులో డాక్టర్ వసుంధరగారు వచ్చారు. ఉండేది అశోక్ నగర్, సొంతూరు గుంటూరు వైపు. ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టరు. ఆవిడకి కార్లంటే పిచ్చి. ఓడల్లో పనిచేసే వాళ్ళ అన్నయ్య విదేశం నుంచి ఆవిడ కారుకి సరిపోయే సూపర్‌ఛార్జర్ తెచ్చిచ్చాడు. ఇంజన్ బెల్టుతోనే తిరుగుతూ, ఇంజన్‌లోకి మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడితో గాలి తోసే పంపు అది. ఘాట్ రోడ్డు మీద లారీల వెనక ఈడ్చుకుంటూ పోవడం ఇక తన వల్ల కాదన్నారు. చేయగలవా అని శర్మగారు నన్నడిగారు. చేయగలనన్నాను.

బిగించడానికి మూడు వారాలు పట్టింది. పంపుతో వచ్చిన డబ్బాలో అన్నీ ఉన్నాయి, రిలీఫ్ వాల్వ్ తప్ప. డ్రైవరు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే గాలి దారిలోని థ్రాటిల్ రేకు మూసుకుంటుంది. కానీ బెల్టు ఆగదు, పంపూ ఆగదు. తోసిన గాలంతా ఆ రేకు దగ్గర పోగుపడుతుంది. దాన్ని బయటికి వదలడానికే వాల్వ్. అది లేకపోతే గొట్టం ఊడుతుంది, లేదా గాలి వెనక్కి తన్ని పంపు పాడవుతుంది.

మాకు రెండు దొరికాయి. ఒకటి కవాడిగూడ వైపు ఒక కొట్లో కొన్న ఇత్తడి వాల్వ్, ఎయిర్ కంప్రెసర్లకి వాడేది. కొత్తది, ఎంత ఒత్తిడి దగ్గర తెరుచుకోవాలో దాని మీదే చెక్కి ఉంది. రెండోది తుక్కుకి పోయిన ఓ ఫారిన్ కారు నుంచి మల్లేశ్ విప్పి తెచ్చింది. నోరు వెడల్పు, కానీ లోపలి రబ్బరు పొర బీటలు వారింది, ఎక్కడా ఒక్క అంకె లేదు. నేను అంకె ఉన్నదే తీసుకున్నాను.

మల్లేశ్ ఇత్తడి వాల్వ్‌ని తిప్పి తిప్పి చూశాడు. "సార్, దీని నోరు మస్తు చిన్నగున్నది. గంత గాలి దీంట్లకెల్లి ఎట్ల పోతది?" అన్నాడు.

సరిగ్గా కావలసిన ఒత్తిడికే తెరుచుకుంటుందని, గేజి పెట్టి చూపిస్తానని చెప్పాను. అతను వాల్వ్ బిగించడానికి స్పానర్ అందుకున్నాడు.

షెడ్డులో పరీక్ష చేశాం. ఇంజన్ వేగం పెంచి థ్రాటిల్ ఒక్కసారిగా మూశాం. వాల్వ్ చెప్పిన చోటే తెరుచుకుంది. కానీ తెరుచుకున్నాక కూడా గేజి ముల్లు మరో మూడు గీతలు పైకి పోయి, అప్పుడు దిగింది. అది నేను చూశాను. టెస్ట్ షీట్‌లో తెరుచుకున్న ఒత్తిడికే గడి ఉంది. అదొక్కటే రాసి సంతకం పెట్టాను. ఆ మూడు గీతలు ఇంటికి వెళ్ళాక కూడా నన్ను వదల్లేదు. అన్నం ముందు కూర్చుని ఆలోచిస్తుంటే ఒంట్లో బాగాలేదా అని మా ఆవిడ అడిగింది.

మర్నాడు పొద్దున రోడ్ టెస్ట్. మొదటి టెస్ట్‌లో కస్టమర్ని కూర్చోబెట్టకూడదు. వసుంధరగారు వస్తానన్నారు. కాదంటే నా పని మీద నాకే నమ్మకం లేదనుకుంటారని ఒప్పుకున్నాను. నేను నడుపుతున్నాను, పక్కన మల్లేశ్, వెనక ఆవిడ. చిక్కడపల్లి రద్దీలో నెమ్మదిగా పోనిచ్చాను. కవాడిగూడ దాటి లోయర్ ట్యాంక్ బండ్ మీదికి వచ్చాక రోడ్డు ఖాళీగా కనిపించింది. మూడో గేరులో పూర్తిగా తొక్కాను. కారు దూసుకుపోయింది. అంతలో ఎదర ఓ సిటీ బస్సు స్టాపు కాని చోట ఆగి జనాన్ని దింపడం మొదలుపెట్టింది. కాలు తీశాను.

బానెట్ కింద ఢామ్మని శబ్దం. గొట్టం ఊడింది. ఇంజన్‌కి వెళ్ళే గాలి లెక్క తప్పడంతో క్లచ్ తొక్కగానే అది ఆగిపోయింది. బ్రేకుకి బలమిచ్చే సర్వో ఇంజన్ పీల్పు మీద పనిచేస్తుంది. ఇంజన్ ఆగితే ఒకటి రెండు తొక్కుళ్ళకే ఆ బలం మిగులుతుంది. కంగారులో రెండుసార్లు తొక్కి వదిలాను. మూడోసారి పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. దిగుతున్నవాళ్ళలో చంకలో టిఫిన్ డబ్బా పెట్టుకున్న ఒకాయన మా వైపు తిరిగి అలాగే నిలబడిపోయాడు. మల్లేశ్ రెండు చేతులా హ్యాండ్ బ్రేక్ లాగాడు. నేను బలమంతా కాలి మీద వేశాను. బస్సుకి జానెడు దూరంలో ఆగాం.

కారుని రోడ్డు పక్కకి తోసి బానెట్ ఎత్తాం. తరవాత వసుంధరగారు, వాల్వ్ తెరుచుకుందా లేదా అని అడిగారు. తెరుచుకునే ఉంటుందన్నాను. నిన్నటి పరీక్షలో ఏం చూశారని అడిగారు. ఆ మూడు గీతల సంగతి అప్పుడు చెప్పాను.

"మా మత్తు మెషీన్‌కీ ఇలాంటి వాల్వ్ ఉంటుందండీ" అన్నారావిడ. గొంతులో కోపం లేదు. "ఎక్కడ తెరుచుకుంటుందో చూసి ఊరుకోం. తెరుచుకున్నాక వచ్చిన గాలి వచ్చినట్టు పోతోందా లేదా చూస్తాం. పోకపోతే పేషెంటు ఊపిరితిత్తులు పగులుతాయి."

మల్లేశ్ వంగి ఊడిన గొట్టాన్ని చూస్తున్నాడు. తను ముందే చెప్పానని అనలేదు. నేనే ఆవిడకి చెప్పాను, ఈ మాట మల్లేశ్ అన్నాడు, నేను వినలేదని.

"పోనియ్యండి సార్" అన్నాడతను. "గా పెద్దదానికి కొత్త రబ్బర్ ఏస్తే అయితది."

కారుని తాడు కట్టి వర్క్‌షాప్‌కి లాక్కొచ్చాం. ఇంజన్ సైజు, పంపు వేగం లెక్కవేసి నిమిషానికి ఎంత గాలి వస్తుందో కాగితం మీద వేశాను. మొదటే వేయాల్సిన లెక్క. ఇత్తడి వాల్వ్ అందులో నాలుగో వంతు కూడా వదలలేదు. మల్లేశ్ కొత్త పొర కోసి రెండో వాల్వ్‌కి బిగించాడు. ఇది థ్రాటిల్ మూసుకున్నప్పుడు ఇంజన్ పీల్పుతో తెరుచుకుంటుంది. స్ప్రింగు మరీ గట్టిదైతే ఆలస్యం చేస్తుంది, మెత్తదైతే బండి లాగేటప్పుడే గాలి కారుస్తుంది. నాలుగు స్ప్రింగులు మార్చి చూశాం. ఈసారి వాల్వ్ తెరుచుకున్నాక కూడా ముల్లు మీంచి చూపు తీయలేదు. అది పైకి పోలేదు.

జరిగింది శర్మగారికి చెప్పాను. రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. రాసిచ్చాను. అది నా సర్వీస్ ఫైలులో చేరింది, మరుసటి ఏడు నా ప్రమోషన్ ఆగింది. అన్యాయం అనిపించలేదు. వసుంధరగారు ఆ కారుని చాలా ఏళ్ళు నడిపారు, సర్వీసుకి మా దగ్గరికే తెచ్చేవారు.

రిలీఫ్ వాల్వ్ ఎంచుకునేటప్పుడు తెరుచుకునే ఒత్తిడి సగం సంగతే. తెరుచుకున్నాక ఎంత గాలి వదులుతుందన్నది మిగతా సగం. ఇంకోటి కూడా నేర్చుకున్నాను. కళ్ళతో చూసినదానికి ఫారంలో గడి లేకపోతే దాన్ని మార్జిన్‌లో రాయాలి, సంగతి తేలేదాకా సంతకం ఆపాలి.