పడవల చీర

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరితోనూ అనలేదు. మా ఆయనతో కూడా. నీకెందుకు చెబుతున్నానంటే, నువ్వు మా వాడకట్టు మనిషివి కాదు, మా అన్నను ఎరుగవు. ఆ ఒక్క కారణం చాలు.

అన్న అంటే మా పెద్దనాన్న కొడుకు. ఇద్దరం, తెలుగు నేతవాళ్లు వలస వచ్చి స్థిరపడిన డిండోలిలోనే పెరిగాం. ఇద్దరం రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌లో ఒకే సేఠ్ దగ్గర చీరల డిజైన్లు గీసేవాళ్లం. నేను మొదటిసారి సొంతంగా గీసిన అంచును అన్న తనదని సేఠ్‌కు చూపించాడు. దానితోనే పెద్ద డిజైనర్ అయి కూర్చున్నాడు. నేను ఏడుస్తుంటే, "ఇంట్లదే గదనే, నీదైతేంది నాదైతేంది" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వుకు నా కడుపు మండిపోయింది. ఇప్పటికీ ఆరలేదు.

కొన్నాళ్లకు సేఠ్ అన్నను బట్టల ప్రదర్శనకని పారిస్ పంపాడు. అన్నకు ఇంగ్లీషు రాదు కాబట్టి నన్ను తోడిచ్చాడు. తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీ దొరికితే మ్యూజియంలు తిరిగాం. మా పనిలో కొత్త డిజైన్ అంటే ఎక్కడో చూసి ఎత్తుకొచ్చేదే. అన్న బొమ్మల్లో మనుషులను వదిలేసి, వాళ్ల గౌన్ల అంచులను ఫోన్‌లో తీసుకుంటున్నాడు. కిటికీ దగ్గర కుట్టుపని చేసుకుంటున్న ఒక ఆడమనిషి బొమ్మ ముందు నేను ఆగిపోతే, చెయ్యి పట్టి లాక్కుపోయాడు.

చివరికి వెళ్లిన చిన్న మ్యూజియంలో, అద్దం వెనుక, ఏవో దూర ద్వీపాల వాళ్లు నేసిన ఎర్రటి గుడ్డ ఉంది. నిండా పడవలు. గైడు చెబుతున్నది విన్నాను. అది శవం మీద కప్పే గుడ్డ. పోయినవాళ్లను అవతలి ఒడ్డుకు చేర్చే పడవలవి.

"ఏమంటున్నదే ఆమె?" అన్నాడు అన్న.

"పెండ్లిపిల్ల మీద కప్పుతరంట అన్నా. అత్తగారింటికి తోల్కపోయే పడవలంట."

"గిదే గావాలె మనకు! సీజన్‌ల ధూమ్ లేస్తది సూడు."

ముందే అనుకుని చెప్పానా? లేదు. నోటికి వచ్చేసింది. కానీ దిద్దుకోలేదు. ఎవరో ఒకరు ఆ పడవలను గుర్తుపట్టి సేఠ్ ముందు అన్న పరువు తీస్తారని, అది నేను కళ్లారా చూస్తానని, హోటల్‌కు చేరేదాకా ఊహించుకుని మురిసిపోయాను.

ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ పడవలతో అన్న గీసిన చీర బాగా అమ్ముడుపోయింది. పేరు మళ్లీ అన్నకే వచ్చింది. పళ్లు కొరుక్కున్నాను.

తర్వాత అన్న కూతురి పెళ్లి కుదిరింది. మా ఇంట్లో పెళ్లికూతురి చీరను బయట కొనరు, తండ్రే నేసి ఇవ్వాలి. మగ్గం ఎప్పుడో మానేసిన అన్న, తెలిసినవాళ్ల మగ్గం మీద కూర్చుని స్వయంగా నేశాడు. ఎర్ర పట్టు, పడవల అంచు. మేనత్తను కాబట్టి కట్టించే వంతు నాది. ఆ పిల్ల నా ఒళ్లో పెరిగింది. తండ్రి చేసినదానికి ఆమెకేం సంబంధం? అప్పుడూ నన్ను నేను అడిగాను. గదిలో మేమిద్దరమే, తలుపు వేసి ఉంది, ఒక్క మాట చాలు. చెప్పలేదు. కుచ్చిళ్లు సర్దాను. మంటపంలో అన్న ఆ చీరను చూసి కళ్లు తుడుచుకుంటుంటే నాకెంత హాయిగా ఉందో చెబితే నువ్వు నన్ను అసహ్యించుకుంటావు. ఏడువు, అనుకున్నాను. నీ చేత్తో నువ్వే నేసుకున్నావు.

పిల్ల బాగానే ఉంది. ఆ చీరంటే ప్రాణం. ఈమధ్యే కొడుకు పుట్టాడు. రేపు వాడికి ఊయల వేడుక, తొట్టెలలో వేస్తారు. పెళ్లిచీరతోనే తొట్టెల కట్టాలని, ముడి మేనత్త చేత్తోనే పడాలని పట్టుబట్టింది.

నేను శకునాలు నమ్మను. అయినా అన్నం దిగడం లేదు. నిజం చెబితే అన్న కుప్పకూలుతాడు, నేను కోరింది అదే కదా, మరి ఇన్నేళ్లు ఎందుకు నోరు విప్పలేదు? పిల్ల కోసమని చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. చెబితే జాలి అన్నకు పోతుంది, తిట్లు నాకు వస్తాయి. అది ఓర్చుకోలేను.

నీకు చెప్పాను, గుండె కాస్త తేలికైంది. అన్న మీద కోపం మాత్రం అంతే ఉంది. రేపు వెళ్తాను. ముడి నేనే వేస్తాను.