కుట్లు విప్పిన రోజు

"వదినా, కాంపౌండరు గారు పోయినారంట. నిద్దట్లోనే."

మా మరదలు వాకిట్లోంచే చెప్పింది. నేను పూజకు గన్నేరుపూలు కోస్తున్నాను. బుట్ట చెట్టు కిందే పెట్టి పక్కింటికి వెళ్ళాను. ముందు ఆయన చేతులు చూశాను. మొహం తర్వాత చూశాను.

ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. మాకు పదిహేనేళ్ళ పొరుగు. నాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్న. నన్ను అక్కా అనేవాడు, నేను అబ్బయా అనేదాన్ని. ఇందుకూరుపేట నుంచి సముద్రం దాకా ఎక్కడ బర్రె ఈనలేక అవస్థ పడినా, ఆయన సైకిలే ముందు కనపడేది. చేతులు కాసేపు చంకల్లో పెట్టుకొని వెచ్చబడ్డాకే పశువును తాకేవాడు. డొక్క మీద అరచెయ్యి ఆనించి ఎన్నో నెలో చెప్పేవాడు. నేను చూసినంతలో ఒక్కసారి తప్పలేదు.

"నోరులేని దానికాడ అబద్ధం చెల్లదక్కా. మన చెయ్యి తగల్తానే కనిపెట్టేస్తాది" అనేవాడు.

మా ఇంట్లో ఒక ఆడపిల్లి ఉంది. మైపాడు నుంచి చేపలు తెచ్చే ఆమె గంప వెంట వచ్చి మా ఇంట ఉండిపోయింది. ఏడాదికి రెండు మూడు ఈతలు. కూనల్ని గండుపిల్లి కొరికేసేది, అది వదిలేస్తే కుక్కలు. ఒకసారి వడ్లగాదె వెనక నాలుగూ ఒక్కపూటే పోయాయి. రెండు రోజులు నాకు అన్నం దిగలేదు.

"ఇంక ఈనకుండా ఆపరేషన్ చేపిస్తానక్కా" అన్నాడాయన.

"దేవుడిచ్చిన కడుపు. కొయ్యడానికి మనమెవరం అబ్బయా?"

ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన మరుసటి ఏడు, పిల్లికి నులిపురుగులు పడ్డాయనీ, ఆసుపత్రిలో మందు తాగించి తెస్తాననీ మూత ఉన్న బుట్ట పట్టుకొచ్చాడు. అది ఆయనకు చిక్కలేదు. నేను పిలిస్తే వచ్చింది. నా చేత్తోనే బుట్టలో పెట్టాను. మూత వేసేముందు ఆయన దాని కడుపు ఒకసారి నిమిరాడు.

సాయంత్రం తెచ్చినప్పుడు కడుపు కింద బొచ్చు గొరిగి ఉంది. ఏడు కుట్లు, నల్లదారం. మత్తు వదలక తల వాల్చేస్తోంది.

"ఏందబ్బయా ఇది?"

"డాక్టరు గారు చేసినారు. అడిగితే మీరు ఒప్పుకోరు గదా. మీరు పస్తులుండేది నేను చూడలేకపోయినా. పది రోజులు కుట్లు నాక్కోకుండా చూడండక్కా. పిగిలితే పేగులు బయటపడతాయి."

పిల్లిని ఒళ్ళోకి తీసుకున్నాను. ముందు దాని ప్రాణం నిలవాలి.

చేదుకు మానుకుంటుందని కుట్ల చుట్టూ వేపనూనె రాశాను. నురగ కక్కుతూ మరీ నాకింది. అప్పుడు నాకు తోచింది మా ఇళ్ళలో బాలింతకు చేసేదే. పాత చీర చించి నడికట్టు బిగించాను. మెత్తటి అన్నంలో వెల్లుల్లి నలిపి పెట్టాను. మూతి తిప్పుకుంది. మర్నాడు ఆయన వచ్చి చూసి పకపకా నవ్వాడు.

"ఊపిరాడదక్కా దానికి! వెల్లుల్లి విషం గదా పిల్లికి! బాలింతనుకున్నారా ఏంది? అది ఈన..."

అక్కడ ఆగిపోయాడు. నవ్వూ ఆగింది. కట్టు విప్పుతూ చాలాసేపు తలెత్తలేదు. ఎందుకు ఆగాడో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఆ పూటే తాటాకు కోసి తెచ్చి, గుండ్రంగా మడిచి, అంచుకు మెత్తటి గుడ్డ కుట్టి దాని మెడకు తొడిగాడు. పిల్లి వెనక్కి వెనక్కి నడిచి తలుపుకు కొట్టుకుంది. "గొడుగేసుకున్న కరణం మాదిరుండాది చూడు వదినా" అని మరదలు నవ్వింది. ఆయన పొద్దునా సాయంత్రం వచ్చి, ఆ తాటాకు తీసి, చేప ముళ్ళు ఏరి తినిపించి, మళ్ళీ తొడిగేవాడు. మిగతా వేళల్లో అది నా ఒళ్ళో. మూడు రోజులు పిల్లి నా మొహం వంక చూడలేదు. అది మెడ వంచినప్పుడల్లా జపం చేస్తూనే చెయ్యి అడ్డం పెట్టేదాన్ని.

పదోనాడు కుట్లు విప్పడానికి, పిల్లిని పట్టుకొనేందుకు ఆసుపత్రి బంట్రోతును వెంట తెచ్చాడు. నాలుగు కుట్లు కత్తిరించాడు. బంట్రోతు మాటల్లో మాటగా అన్నాడు:

"కడుపులో మూడు పిల్లలుండె గదమ్మా, అందుకే కోత ఇంత పొడుగు పెట్టినారు డాక్టరు గారు."

కత్తెర ఆగింది. నేను ఆయన వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు. మిగిలిన మూడు కుట్లూ కత్తిరించి, దూదితో తుడిచి, వెళ్ళిపోయాడు.

బర్రె డొక్క మీద చెయ్యి ఆనించి నెల చెప్పే మనిషి. మూత వేసేముందు నిమిరిన ఆ చేతికి తెలియలేదా? తెలిసే తీసుకెళ్ళాడా, కోశాక తెలిసిందా? ఆ ఒక్క మాట అడగలేకపోయాను. తెలియదంటే నమ్మలేను. తెలుసంటే తట్టుకోలేను. నేను పిలిస్తే వచ్చిన పిల్లి అది.

ఆయన చేసిన మేలు కాదనను. ఆ తర్వాత మా ఇంట కూనల చావు చూడలేదు. పిల్లి ఒళ్ళు చేసింది, నా దగ్గరికీ వచ్చింది. మా బర్రెలను ఆయనే చూసేవాడు, వచ్చినప్పుడల్లా మజ్జిగ ఇచ్చేదాన్ని. అబ్బయా అని మాత్రం మళ్ళీ పిలవలేదు. కాంపౌండరు గారూ అన్నాను.

"అక్క నన్ను గారు చేసేసిందమ్మా" అన్నాడట మా మరదలితో.

మొన్న మాఘంలో, ఆయన పోకముందు, ఒక ఉదయం వసారా మెట్టు దగ్గరికి వచ్చాడు. నేను కళ్ళు మూసుకొని జపంలో ఉన్నాను.

"అక్కా, ఒక మాట చెప్పాల మీతో. ఆ పిల్లి సంగతి."

కళ్ళు తెరవలేదు. నూటెనిమిదీ అయిపోయాయి. అయినా పూసలు తిప్పుతూనే ఉన్నాను. ఆ తిప్పడంలో దేవుడి పేరు లేదు. ఇన్నేళ్ళ పూజలో నేను చేసిన మోసం అది. మెట్టు దగ్గర నిలబడ్డ మనిషి దగ్గర సమాధానం ఉంది, నా దగ్గర వినే ధైర్యం లేదు. ఆయన పోయాక, ఇప్పుడు రోజూ ఆయన పేర ఒక మాల తిప్పుతున్నాను. మనసు ఇంకా పూర్తిగా మెత్తబడలేదు, దేవుడి ముందు దాచడమెందుకు.

ఆ ఉదయం నేను కళ్ళు తెరిచేసరికి ఆయన వెళ్తున్నాడు. వాకిలి ఇంకా తడిగా ఉంది. అప్పుడే పెట్టిన ముగ్గు తొక్కకుండా, చెప్పులు రెండూ చేతిలో పట్టుకొని, గోడవారగా, ఒక్కొక్క అడుగే చూసి వేస్తూ.