అచ్చమ్మగారికి అంకెలు చూపించాలి

మా అమ్మాయి పుష్పకి లెక్కలు రావేమో! బడిలో అడుగు పెట్టకుండానే అందరూ దాన్ని మొద్దని తేల్చేస్తారేమో!

ఈ భయంతో నేను సగం చచ్చి ఉంటే, మిగతా సగం చంపడానికి ఇంట్లో అచ్చమ్మ అత్తయ్యగారున్నారు. మా ఆయనకు మేనత్త. ఏలూరులో ఆవిడ ఎదుట అంకె పలికినవాడు క్షేమంగా ఇల్లు చేరలేదు. ఎవరు ఏ అంకె అన్నా ఆవిడది ఒకటే మాట, అదీ కోపంగా: "ఏవీ? చూపించు!"

బట్టల మూటతో వచ్చే అబ్దుల్ సలాం ఓసారి, "కొత్త చీరలు ఇరవై రకాలొచ్చాయమ్మా" అన్నాడు.

"ఏవీ? చూపించు!"

పాపం, మూటంతా వసారాలో పరిచాడు. పంతొమ్మిదే తేలాయి. అప్పట్నుంచి మా వీధిలోకి వస్తే, "చీరలమ్మా, కాసిని చీరలు!" అని మాత్రమే అరిచేవాడు.

ఓ ఆదివారం చర్చిలో అయ్యగారు, "దేవుని దయవల్ల మన సంఘం రెండు వందల మందికి పెరిగింది" అన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి లేచింది గొంతు: "ఏరీ? చూపించండి!" సగం చాపలు ఖాళీ. నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ ఒళ్లో కూర్చున్న పుష్ప మాత్రం చప్పట్లు కొట్టింది.

ఊరిని ఏమన్నా ఊరుకున్నాను. నా పిల్ల జోలికొస్తే ఊరుకుంటానా? ఇంటరులో సైన్సు చదివినదాన్ని. నాలుగేళ్లకే దానిచేత వంద వరకూ గడగడా చెప్పించాను. మా ఆయన కచేరీ హెడ్ గుమాస్తాగారు ఇంటికొస్తే పిల్లను ఎదురుగా నిలబెట్టాను.

"...తొంభై తొమ్మిది, వంద!"

ఆయన మెచ్చుకోబోతున్నారు. పెరటి గుమ్మంలోంచి పడింది పిడుగు.

"వందా? ఏవీ? చూపించు!"

పిల్ల తెల్లబోయి నా చీరలో ముఖం దాచుకుంది. ఆయన అలా వెళ్లారో లేదో నేను రెచ్చిపోయాను.

"అంకెలు బుర్రలో ఉంటాయండీ అత్తయ్యగారూ!"

"అయితే బుర్ర విప్పి చూపించు."

"చంటిదాన్ని బెదరగొడతారా?"

"బెదరగొట్టింది నేనా, నీ వందా? ఏదే పుష్పా, మూడు గరిటెలు పట్రా తల్లీ."

పిల్ల చేతికందినన్ని పట్టుకొచ్చింది. నా కోపం రెట్టింపైంది. పిల్ల మీదో, గరిటెల మీదో, ఆవిడ మీదో నాకే తెలియలేదు.

ఆ రోజుతో వంద పాఠం ఆగిపోయింది. భోజనాలకు పళ్లేలు పెట్టడం పుష్ప పని. "మనిషికొకటి" అనేవారు అత్తయ్యగారు, అంతే. ఒకటి ఎక్కువైతే పిల్లను దిద్దేవారు కాదు, ఆ ఖాళీ పళ్లెం మీద కేకలేసేవారు: "నీలో తినేవాళ్లేరే? చూపించు!" పిల్ల పకపకా నవ్వి, దాన్ని తీసి లోపల పెట్టేది.

వేసవిలో కొల్లేటి పడవల మీద ముంజకాయలొచ్చాయి. కాయకు మూడు కళ్లు. అమ్మకొకటి, నాన్నకొకటి, పుష్పకొకటి. అవి తనకు సరిపడవనేవారు ఆవిడ. ఓ కాయ కోస్తే రెండే కళ్లున్నాయి. పిల్ల చిందులు తొక్కింది. "ఒకటి తక్కువ! నాన్నది ఏదీ?"

అత్తయ్యగారు మురిసిపోయారు. పిల్లకు కోపమొచ్చిందంటే లెక్క వచ్చినట్టేనట! నాకు ఒళ్లు మండిపోయింది.

పంతొమ్మిది వందల ముప్పై ఆరు జూన్‌లో బడిలో చేర్చడానికి తీసుకెళ్లాను. లెక్క చెప్పకపోతే ఇంకో ఏడాది ఇంట్లోనే ఉంచమంటారు. పెద్ద టీచరు సత్యవతమ్మగారు కళ్లద్దాల మీంచి చూసి అడిగారు.

"ఆరులోంచి రెండు తీసేస్తే ఎంతమ్మా?"

పిల్ల బిక్కచచ్చిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో అది నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం అచ్చమ్మగారి గొంతుతో, "ఏవీ? చూపించండి!" అంది.

సత్యవతమ్మగారి ముఖం ఎర్రబడింది. ఏమనుకున్నారో, ఆరు సుద్దముక్కలు బల్ల మీద పెట్టారు. పుష్ప రెండు తీసి ఆవిడ చేతిలోనే పెట్టింది. మిగిలినవాటిని వేలితో తాకింది.

"నాలుగు. ఇంకా అడగండి!"

బడిలో చేర్చుకున్నారు గానీ, ఇంటికి రాగానే అత్తయ్యగారి మీద విరుచుకుపడ్డాను. "టీచరునే నిలదీసిందండీ మీ మనవరాలు!"

"నిలదియ్యదూ మరి! 'చూపించండి' అనే ధైర్యం నాకు లేకే కదా, చిన్నప్పుడు నన్ను మొద్దని బడి మానిపించారు! తెలియకపోతే అడగొచ్చని పిల్లకెలా తెలుస్తుంది, ఇంట్లో ఓ ముసల్ది ఊరందరినీ అడుగుతూ తిరక్కపోతే?"

ఆవిడ మళ్లీ కసిరారు.

"గుడ్లప్పగించి చూస్తావేం? ఉయ్యాల్లో ఉన్న పుష్ప తమ్ముడికి మళ్లీ వందతో మొదలెట్టకు. ముందు చేతిలో పెట్టు, తర్వాత నోట పలికించు. కోపమొస్తే నా మీద అరిచెయ్యి, పిల్లల మీద కాదు."

ఇప్పుడు వాడి చేతిలో గరిటెలు పెడుతున్నాను. కోపం వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా అత్తయ్యగారి మీదే అరుస్తున్నాను.