ఆమె ముందు తిన్న ఊరు

నా భార్య ఈ నెల మొదట్లో, తెల్లవారి కాఫీ వేళకు, కన్నుమూసింది. సాయంత్రానికి యాంగూన్ పజుండౌంగ్‌లో మా అంగడి వీధంతా తెలిసింది. నది అవతల తన్లిన్ నుంచి ఆమె తమ్ముడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అందుకు అతనికి కృతజ్ఞుణ్ణి.

గంజాం నుంచి వచ్చిన మా ఇళ్ళలో పదో రోజున పోయినవారికి ఇష్టమైనవి వండి ఆకులో పెడతాం. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. ముందురోజు మా అమ్మాయి గారెలకు పప్పు నానబెడుతూ ఆగిపోయింది.

"మావయ్యా, గారెలు నాన్నకిష్టం. అమ్మకేటిష్టం?"

అతనికీ తెలియదు. ఆమె ఎప్పుడూ నేను తిన్నాకే తినేది. గిన్నెలో మిగిలినదే ఆమె భోజనం. ఇష్టం తెలియడానికి తావేదీ? నాకు తెలిసింది మాత్రం ఒక ప్రయాణం వల్ల.

పాస్‌పోర్టు దొరకడమే గొప్ప, తిరిగి రాగానే అప్పగించాల్సిన రోజులవి. మా పక్కింటి చైనా ఆవిడ పుట్టింటివారు చైనాలోని దాలీలో ఉండేవారు. ఆవిడను నా భార్య బర్మా మాటలో 'అమా' అని, అక్కా అని పిలిచేది. ఆవిడ మమ్మల్నీ వెంటబెట్టుకుని మింగళాడోన్ విమానాశ్రయంలో విమానమెక్కించింది. అక్కడ మనం తినేది దొరకదని నా భార్య అటుకులు, చింతపండు, ఊరగాయ సంచీ నిండా సర్దింది. అన్నీ నా కోసమే.

దారిలో కున్మింగ్ దగ్గర రాతి అడవి చూశాం. మనిషికి మించిన రాళ్ళు చెట్లలా నిలబడి ఉంటాయి. సందుల్లో నడుస్తూ ఒక్కో రాయినీ చేత్తో తడిమింది. దాలీలో మూడు తెల్ల గోపురాలకు దండం పెట్టి, "మన ష్వేడగోన్ గుడికి బంగారం పూసినారు, పాపం వీటికి సున్నమేసి ఒగ్గేసినారు" అంది.

ఆ ఊళ్ళోనే నాకు కడుపు చెడింది. గంజి తాగి గదిలో పడుకున్నాను. అమా ఆమెను బజారుకు లాక్కుపోయింది. తిరిగి వచ్చేసరికి ఆమె పెదవులు కారానికి ఎర్రబడి ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడింది.

"మీరు లేకుండానే తినేసినాను. శానా బాగుంది. రేపు కూడా తింతాను."

మర్నాడు నేనూ వెళ్ళాను. బియ్యపు ముద్దను దంచి రొట్టెలా చేసి, బొగ్గుల మీద కాల్చి, మిరపకారం పులిమి మడిచి ఇస్తారు. మాంసం లేదని అమా అడిగి చెప్పింది. నా భార్య నిలబడే తింది, నాకంటే ముందు. అంచు నల్లబడిన ముక్క ఏరి మరీ తీసుకుంది.

"ఆ మాడిందేటి, అవతల పారెయ్యి" అన్నాను.

"మాడిందే రుచండీ. ఇంట్లో మాడితే మీరు ఇల్లు పీకి పందిరెయ్యరా?"

అమాకు తెలుగు రాదు. అయినా నవ్వింది.

తరువాత సరస్సు ఒడ్డున కాల్చిన బంగాళాదుంప, వెదురు పుల్లకు చుట్టిన పాలమీగడ రేకు, బఠానీపిండితో చేసిన మెత్తని గంజి. ప్రతిదీ ముందు ఆమె రుచి చూసేది, నచ్చితే సగం నాకిచ్చేది. కొన్ని ఇవ్వలేదు. ఊరగాయ సీసా మూత విప్పకుండానే యాంగూన్ చేరింది. ఇల్లు చేరిన పూట నుంచి మళ్ళీ నేను తినేదాకా కూర్చుంది. చెప్పి చూశాను. "అది చైనా, ఇది ఇల్లు" అంది.

ఇదంతా చెప్పి, ఆ రొట్టె పెడదామన్నాక బావమరిది మొహం చిట్లించాడు.

"చైనావోల తిండి ఆకులో పెడతారేటి బావా?"

"మీ అక్కకి ఇష్టమైంది పెడతారు."

అమాయే బియ్యపు రొట్టెలు తెచ్చి ఇచ్చింది. పదో రోజు పొద్దున పెరట్లో కుంపటి రాజేసి నేనే కాల్చాను. అంచు మాడేదాకా తీయలేదు. అమ్మాయి కారం పులిమింది. చివరికి బావమరిదే వంగి చూసి, మా అక్కకి ఈ కారం ఆనదు, ఇంకొంచెం వెయ్యమన్నాడు.

పజుండౌంగ్ వాగు ఒడ్డున ఆకు పరిచి వెనక్కి జరిగాం. పొద్దుటి నుంచి ఎవరం ఏమీ తినలేదు. కాకి దిగింది. అన్నం ముట్టలేదు, గారె ముట్టలేదు. నల్లబడిన అంచు పట్టుకుని, కట్టేసి ఉన్న సంపాను పడవ అంచు మీదికి ఎగిరి, కాలి కింద అదిమిపెట్టి కొంచెం కొంచెంగా తినసాగింది. తొందరపడలేదు. మేమూ తొందరపెట్టలేదు.