ఆగిపోవాలని చేసిన ప్రార్థన

మా మేనత్త ప్రభావతి అవనిగడ్డలో ముప్పై రెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పింది. తప్పు తనదని ఎవరైనా అంటే ముందు రుజువు చూపించమంటుంది. మావయ్య బతికినన్నాళ్లూ ఆమెను స్కూటరు హ్యాండిల్ కూడా ముట్టనివ్వలేదు. ఆయన పోయాక యాభై తొమ్మిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుని, రిటైరైన నెలలోనే కొత్త కారు కొంది. పాస్టరు దయానందం గారు బానెట్ మీద చెయ్యి పెట్టి అరగంట ప్రార్థన చేశారు. మా వాళ్లకి కంపెనీ వారంటీ కంటే దాని మీదే గురి.

రెండో నెల నుంచే ఆ కారు నడిరోడ్డు మీద చచ్చి ఊరుకోవడం మొదలుపెట్టింది. పావుగంట చల్లబడితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. బందరు షోరూముకి నాలుగుసార్లు తీసుకెళ్లాం. వాళ్లు ఊళ్లోనే కోనేరు సెంటర్ దాకా ఒక చుట్టు తిప్పి, శుభ్రంగా కడిగి ఇచ్చేసేవాళ్లు. నాలుగోసారి సర్వీసు మేనేజరు శ్యామ్ సుందర్ రిపేరు వివరాలు రాసే జాబ్ కార్డులో "డ్రైవింగ్ లోపం" అని రాశాడు.

చుట్టాలందరికీ ఆ ముక్క దొరికింది. "ఈ వయసులో నీకు స్టీరింగెందుకు అక్కయ్యా, అమ్మేసెయ్" అన్నాడు మా నాన్న. అత్తయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు నాన్న మీద ఒళ్లు మండిపోయింది.

ఐదోసారి బయల్దేరే ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక, స్త్రీల సమాజం వాళ్లు ఎప్పట్లాగే మా క్షేమప్రయాణం కోసం మోకరించబోయారు. అత్తయ్య ఆపేసింది.

"మీరిట్లా ప్రార్థన చేసినప్పుడల్లా అది షోరూము దాకా సుబ్బరంగా వెళ్తోంది. ఈసారి ఆగిపోవాలని చెయ్యండి."

పాస్టరు గారు తెల్లబోయారు. "బండి చెడిపోవాలని ఎట్లా అడుగుతామమ్మా?"

"అది చెడిపోయే ఉందండీ. వాళ్ల ఎదుట బయటపడాలని అడగండి. సూర్యుణ్ణే ఆపిన దేవుడికి ఈ డబ్బా ఒక లెక్కా?"

ఆయన కళ్లు మూసుకున్నారు గానీ మనసు పెట్టలేదని మొహమే చెప్పింది. ఆడవాళ్లు మాత్రం పైకప్పు ఎగిరిపోయేలా ఆమెన్ అన్నారు.

సోమవారం షోరూముకి వెళ్లగానే అత్తయ్య శ్యామ్ సుందర్‌నే స్టీరింగు ముందు కూర్చోబెట్టి, చల్లపల్లి దాకా నడపమంది. తను పక్క సీట్లో, వెనక నేనూ, సమాజం తరఫున సాక్షులు ఇద్దరూ. అరగంట దాటినా కారు ఆగలేదు.

"చూశారా మేడం, ఎంత స్మూత్‌గా వెళ్తోందో! మీరు క్లచ్ తొక్కే పద్ధతిలోనే ఏదో..."

మాట పూర్తికాకుండానే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనక లారీవాడు హారన్‌తో తిట్టాడు. మా వెనక సీటంతా "స్తోత్రం! హల్లెలూయా!" అని చప్పట్లు. కారు చెడిపోతే పండగ చేసుకునే మనుషుల్ని శ్యామ్ సుందర్ అంతవరకు చూసి ఉండడు. తాళం తిప్పీ తిప్పీ చెమటలు తుడుచుకున్నాడు.

"ఫ్యూయల్ పంపు మార్చేస్తాం మేడం, వారంటీలోనే."

"పంపు సంగతి తర్వాత. ఇప్పుడు నడిపిందెవరండీ?"

"నేనేనండీ."

అత్తయ్య నాలుగోసారి జాబ్ కార్డు తీసి ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన "డ్రైవింగ్ లోపం" అన్న ముక్క కొట్టేసి సంతకం చేశాడు. అత్తయ్య కళ్లు తడిశాయి, గొంతు మాత్రం క్లాసులో ఉన్నట్టే ఉంది.

"దాని కింద, డ్రైవింగ్ బాగుంది అని రాయండి."

"మీరు నడపడం నేనెప్పుడూ చూడలేదు కదా మేడం!"

"మొన్న కూడా చూడకుండానే రాశారు."

ఆయన తలొంచుకుని రాశాడు.