తోకున్న మొగది

బంగారుపేట బజారులో మాది రాగులు, బియ్యం, పప్పులు అమ్మే అంగడి. వెనకే ఇల్లు, మధ్యలో ఒక పరదా. మా అంగట్లో పురుగు అనే మాట ఎవరూ నోట అనకూడదు. పెసల మూటలో పురుగు కనబడితే నాన్న గొంతు తగ్గించి, "పెసల్లో చుట్టాలొచ్చినారప్పా, ఎండలో పొయ్యండి" అంటాడు. అసలు చుట్టాలకు మా ఇంట్లో ఇంతకన్నా మంచి మర్యాదే జరుగుతుంది లెండి.

అలాంటి ఇంట్లో పుట్టి నేను పరిశోధనకు ఎంచుకున్నది నీటిలో బతికే మైట్లు అనే జీవులను. ఆవగింజ కన్నా చిన్నవి. ఎర్రవి, పచ్చవి, నీలివి కూడా ఉంటాయి. "అవి పురుగులు కావు నాన్నా, ఎనిమిది కాళ్ళుంటాయి. సాలీడుకు దాయాదులు" అని ధైర్యం చెప్పబోయాను.

"ఇది ఇంగా బాగుండాది. గిరాకీల ముందర అనబాక తల్లీ" అన్నాడు.

వాటిలో నా వంతుకు వచ్చిన కుటుంబం మరీ విడ్డూరమైనది. ఆడవన్నీ గుండ్రంగా, దాదాపు ఒకే పోలికతో ఉంటాయి. మగవాటికి మాత్రం వెనక తోకలాంటి భాగం ఉంటుంది. ఒక జాతికి పొట్టిది, ఒక జాతికి పొడుగుది, ఇంకోదానికి చివర చీలినది. ఏది ఏ జాతో ఆ తోకను చూసే తేల్చాలి. అంత పెద్ద కుటుంబంలోని వైవిధ్యమంతా మగవాళ్ళ వెనకవైపు పెట్టిన ప్రకృతిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

టేకల్ దగ్గర ఒక కుంటలో నాకు అన్నీ ఆడవే దొరికాయి. మగది దొరకనిదే వాటి పేరు తేలదు, నా పరిశోధన ముగియదు. ఇంతలో ఎండలు ముదిరి కుంట కాస్తా ఎండిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పరదా వెనక కిటికీ దగ్గర మైక్రోస్కోపు పెట్టుకుని కూర్చునేదాన్ని. లోపల ఏం చేస్తోందని అడిగినవాళ్ళకు నాన్న, "మా పాప నీళ్ళు పరీక్ష చేస్తాది" అని చెప్పేవాడు. అనకూడని మాట తప్పించుకోవడానికి అన్న ఆ ముక్క ఊళ్ళు దాటి పాకింది. రాగులకు వచ్చేవాళ్ళు సీసాలతో రావడం మొదలుపెట్టారు. బోరు నీళ్ళు, ఫిల్టరు నీళ్ళు, ఒకాయనైతే ఎందుకైనా మంచిదని కొబ్బరినీళ్ళు. వాటిలో నా మైట్లు ఎందుకుంటాయి? నాన్న ముఖం చూసి అన్నీ ఓపిగ్గా చూశాను.

ఒకరోజు టేకల్ రైతు ఒకాయన తన పొలంలోని నీటిగుంట నుంచి సీసా నింపుకొచ్చాడు. "పాచి పట్టినాదమ్మా, ఏమనుకోబాక" అని సిగ్గుపడుతూ ఇచ్చాడు. ఆ నీటిచుక్కలో ముందు నాకు తెలిసిన గుండ్రటి ఆడవే కనబడ్డాయి. వాటి మధ్య నుంచి ఒకటి తోక ఈడ్చుకుంటూ, పెళ్ళికొడుకులా దర్జాగా నడిచొచ్చింది.

శాస్త్రమంతా మరిచిపోయాను. పరదా తోసుకుని అంగట్లోకి పరిగెత్తి, "నాన్నా, పురుగు దొరికింది! మొగ పురుగు!" అని అరిచాను.

అంగడి నిండా జనం. ఒకామె ఎత్తిన రాగుల సంచిని మెల్లగా కింద పెట్టేసింది. "అయితే మా నీళ్ళు చెడినాయా అమ్మా?" అని రైతు బిత్తరపోయాడు. "లేదప్పా, నీళ్ళు చెడితే ఇవి ముందే చస్తాయి" అన్నాను గానీ నా కళ్ళు నాన్న మీదే ఉన్నాయి. నా మైక్రోస్కోపుకు ఆ ఇంట్లో అదే ఆఖరి రోజనుకున్నాను. నిజంగా భయం వేసింది.

నాన్న తక్కెడ వదిలి లేచాడు. "పురుగేనమ్మా" అన్నాడు సంచి కింద పెట్టినామెతో. "ఎండల్లో యాడాడో తిరిగి వెతికినాది మా పాప. దొరికినాది."

ఆమె మెట్లు దిగి ఎదురంగడికి వెళ్ళిపోయింది. ఏనాడూ గిరాకీని పోనివ్వని నాన్న ఆమెను వెనక్కి పిలవలేదు. నా వైపు తిరిగి, "ఒకటే దొరికినాదా? అది పాడైతే ఎట్లా? సీసాలో ఇంగొకటి ఉండాదేమో చూడుపో" అన్నాడు.