దిడ్డివాకిలి దాటించిన రాణి

మొన్న మా మనవరాలు సెలవులకు వచ్చి, మంచం మీద బోర్లా పడుకొని, దిండంత లావు ఇంగ్లీషు పుస్తకం చదువుకుంటూ, ఇందులో పెద్ద యుద్ధం జరుగుతుందవ్వా, ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు చెప్తారు, నీకు అర్థం కాదులే అనింది. అర్థం కాదంట నాకు! అట్లాంటి నవలనే గొంతు బొంగురుపోయేదాకా పదిమందికి చదివి వినిపించి, చివరికొచ్చేసరికి సగం నేనే అల్లినదాన్ని. ఆ పిల్లకు చెప్పలేదు గానీ, నా ఈడువాళ్లకు, మీకైనా చెప్పుకోకపోతే నాకు నిమ్మళంగా ఉండేలా లేదు.

వానలు వరసగా మొహం చాటేసిన ఆ ఏళ్లలోనే నేను కర్ణాటకలో పావగడ తాలూకా అరసికెరెకు కోడలిగా వచ్చాను. మా పుట్టిల్లు సరిహద్దు అవతల, మడకశిర పక్క పల్లె. తెలుగులో పదో తరగతి పాసైన పిల్లనని మా నాయన ఊరంతా చెప్పుకొని మురిసిపోయాడు. ఈ ఊళ్లో చూస్తే అందరి నోటా తెలుగే, కానీ బడి కన్నడం, బస్సు మీది బోర్డు కన్నడం, ఉత్తరం వచ్చినా కన్నడమే. తెలుగు అక్షరం గుర్తుపట్టే మనిషి ఒక్కరూ లేరు. నా పదో తరగతి పెట్టెలో చీరల కిందికి పోయింది. మా ఆయన బోర్లు వేసే లారీ వెంట ఊళ్లు పట్టుకొని తిరిగేవాడు. కోడలు గడప దాటడం మా మామకు సుతరామూ గిట్టదు కాబట్టి బోరింగు నీళ్లు కూడా మా ఆడబిడ్డే తెచ్చేది. నేనూ, నాలుగు గోడలూ, మా నాయన హిందూపురంలో పాత పుస్తకాల బండి మీద కొనిచ్చిన నాలుగు భాగాల నవలా, అంతే.

ముంగారు తొలకరి వానకు ముందు విత్తనపు శనక్కాయలు ఒలిచే పని మీకు తెలిసిందే. మిషన్‌కు వేస్తే గింజ చిట్లి మొలకెత్తదని చేత్తోనే ఒలిపించేవాళ్లు. పదిమంది ఆడవాళ్లు మా పడసాలలో చాటలు పెట్టుకొని కూర్చునేవాళ్లు. కరువు రోజులు, కడుపులో ఆకలి, చేతిలో గింజ, ఇంక నోట్లోకి పోకుండా ఎట్లా ఉంటుంది? అందుకే ఒలిచేవాళ్ల చేత పాటలు పాడించడం అక్కడి వాడుక, పాడే నోరు నమలలేదు గదా. ఆ ఏడు మా అత్త ఒక ఉపాయం చేసింది. పాటలన్నీ విని విని చెవులు అరిగిపోయినాయి, నీ పెట్టెలో పుస్తకముండాదంటివే, అది చదువు, వింటూ నోరు తెరుచుకొని నమిలేది మర్చిపోతారు అనింది. అట్లా మొదలైంది నా చదువు.

ఆ నవలలో కొండ మీద ఒక కోట, చుట్టూ శత్రువుల ముట్టడి, కోటలో రోజురోజుకీ ఇంకిపోయే బావి. రాజు ఒక అధ్యాయం చెప్తాడు, మాయపక్షుల్ని పెంచే మంత్రగాడు ఒకటి, సేనాపతి ఒకటి. శత్రురాజును మావాళ్లు రెండు రోజులు నోరారా తిట్టిపోశారు. మూడోనాడు వాడి తల్లి చెప్పే అధ్యాయం రాగానే కొంగులతో కళ్లొత్తుకున్నారు. మనసారా తిట్టుకునేదానికి ఒక్కణ్ణి కూడా మిగల్చలేదే అని మా పక్కింటి చిన్నత్త కోపం చేసుకుంది. మా అత్త మాత్రం రాణిని పట్టుకుంది. కోడలిగా కోటలోకి వచ్చిననాటి నుంచి బయట నేల తొక్కని రాణి. ఆమె మాట్లాడే అధ్యాయం వస్తే మా అత్త చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయేది.

ఇంతలో ఊళ్లో అంగనవాడి తెరుస్తారనీ, పదో తరగతి చదివిన కోడలు కావాలనీ, కన్నడం వస్తే చాలనీ, సోమవారంలోగా పావగడలో అర్జీ ఇవ్వాలనీ కబురొచ్చింది. మా ఆడబిడ్డ దగ్గర పొయ్యి ముందు కూర్చొని కన్నడ అక్షరాలు అప్పటికే నేర్చుకొని ఉన్నాను, మన అక్షరాలకు అక్కచెల్లెళ్లే కదా అవి. ఎంత ఆశపడ్డానో చెప్పలేను. మా మామ ఒక్క మాటతో కొట్టిపారేశాడు. ఆయన్ని మెత్తబరచగలిగితే మా అత్తే. కానీ పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆయన్ని ఏదీ అడిగి ఎరగదు.

సరిగ్గా ఆ వారమే, నేనూ అప్పటిదాకా చదవని భాగంలో, రాణి దిడ్డివాకిలి దగ్గరికి వచ్చింది. కోట వెనకాల మనిషి వంగి దూరేంత చిన్న తలుపు. గడియ మీద చెయ్యి వేసింది. నా కళ్లు రెండు వరసలు ముందుకు పరిగెత్తి చూస్తే, రాణి చెయ్యి తీసేసి వెనక్కి పోతుంది, పోయి చచ్చిపోతుంది. తలెత్తి చూశాను. మా అత్త ఊపిరి బిగబట్టి కూర్చుంది. నా నోరు దానంతటదే, గడియ తీసింది, వంగింది, బయటికి నడిచిపోయింది అని చదివేసింది. అందరూ హమ్మయ్య అన్నారు.

అక్కడి నుంచి మొదలైనాయి నా తిప్పలు. ఏ పేజీ తిప్పినా ఎవరో ఒకరు ఆమె కోసం ఏడుస్తుంటారు. సేనాపతి ఏడుపును కోపం చేశాను, చితిని నెగడు చేశాను, ఏటి గట్టున ఆమెను చూశామని బాటసారుల చేత చెప్పించాను. పట్టుకునేవాళ్లు లేరు కాబట్టి కాస్త గర్వం కూడా వచ్చింది. ఒక్కటే చేతకాలేదు. రాణి తానే చెప్పే అధ్యాయం. బయటికి పోయిన ఆడది ఏం తింటుంది, ఎవరితో ఎట్లా మాట్లాడుతుంది? ఎంత ఆలోచించినా ఒక్క వాక్యం రాలేదు.

శనివారం మధ్యాహ్నం నేను చదవడం ఆపి నీళ్లు తాగుతుంటే మా అత్త తలెత్తకుండానే అడిగింది.

"మ్మే, అందరూ ఆడ చూసినాం, ఈడ చూసినాం అంటా ఉండారు. ఆమె మాత్రం నోరు తెరవదు. సచ్చిపోయినాదా?"

ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. గడియ దగ్గరి నుంచే తిరిగిపోయిందనీ, దాటించింది నేనేననీ ఒప్పేసుకున్నాను. మా అత్త తిట్టలేదు. ఒక కాయ తీసుకొని బొటనవేలితో నొక్కి, గింజలు చాటలో వేసి, చాలా మెల్లగా అనింది.

"ఆమె నిజంగా పోయింటే, ఈ పొద్దు మీ మామను అడుగుదామనుకొంటిని. నాకు ధైర్యం వచ్చిండె."

సోమవారం వచ్చింది, పోయింది. మా అత్త అడగలేదు. నేనూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అంగనవాడికి పక్క ఊరి కోడలొకామె వచ్చింది, పాపం మంచిదే.

అన్ని పేజీలు అబద్ధం చదివినదాన్ని, ఆ ఒక్క పూట ఇంకొక్క అబద్ధమాడలేకపోయాను చూడండి. బతికే ఉండాదత్తా అనుంటే సరిపోయేది. నిజం చెప్పినందుకు ఇన్నేళ్లుగా నా మీద నాకే మండిపోతుంది. మా అత్తా లేదు, మామా లేడు. చేన్లు చాలావరకు సోలారు పలకల కిందికి పోయినాయి, చేత్తో ఒలిచే విత్తనమే లేదు. ఇప్పటి కోడళ్లు స్కూటీ తీసి, పావగడకు పోయొస్తామత్తా అని గేటు దగ్గరి నుంచే కేకేసి పోతారు, ఎందుకని ఎవరూ అడగరు. చూస్తే నాకు సంతోషమే, ఒట్టు. నన్ను మాత్రం ఇప్పుడు పోవద్దనేవాళ్లు ఎవరూ లేరు, నాకే ఎక్కడికి పోవాలో తెలియదు.